రాతిలోని లత నూలులోనికి వచ్చిన దారి

మార్కాపురము పేరు వినినంతనే, నడివయసు దాటిన తెలుగు పాఠకున కెవరికైనను చెక్కచట్రములో బిగించిన నల్లని పలక జ్ఞప్తికి వచ్చును. కంభము పేరు వినిన కొండల నడుమ నిలిచిన పెద్ద చెరువును, గిద్దలూరు పేరు వినిన నల్లమల కనుమలలో దూరిపోవు రైలుదారియును మనసున మెదలును. ధర్మవరమునకు పట్టుచీరయు, వెంకటగిరికి సన్ననూలు చీరయు, చీరాలకు తేలియా రుమాలును కీర్తి తెచ్చినట్లుగా, ఈ పశ్చిమ ప్రకాశ సీమలోని ఒక ఊరిపేరును దేశదేశములకు మోసికొనిపోయిన వస్త్రము మాత్రము లేదు. ఆ లోటు నిజమే గాని, అది చూడదగిన వస్తువులు లేకపోవుటచే కలిగినది కాదు. నేతగాడు గాని, అద్దకపువాడు గాని, సూది చేతబట్టిన ఇల్లాలు గాని తమ అంచులను, బుటాలను, రంగులను ఎచ్చటనుండి తెచ్చుకొందురని విచారించినచో, శిల్పచిత్రకళలు, ప్రకృతి, నిత్యజీవితము అను మూడు తావులు కనబడును. ఆ మూడింటికిని ఈ సీమలో కొదువ లేదు. అయితే చూచినదానిని తన పరికరము ఒప్పుకొనునట్లుగా మార్చుకొననిదే అది వస్త్రమున నిలువదు. ఆ మార్పు ఎట్లు జరుగునో తెలిసికొనుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఇందుకు మన కన్నులయెదుట నిలిచియున్న ఉత్తమ నిదర్శనము లేపాక్షి. పదునారవ శతాబ్దమున, అచ్యుతదేవరాయల యేలుబడిలో, విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు కట్టించిన వీరభద్రాలయ ప్రాంగణమున లతామంటపమని పిలువబడు స్తంభముల వరుస కలదు. ఆ కంబముల ప్రక్కలపై శిల్పులు తీగెలను, పువ్వులను, పక్షులను, ఒకదానిలో నొకటి పెనవేసికొన్న రేఖలను కుదురైన గళ్ళలో మలచిరి. ధర్మవరపు పట్టుచీరల అంచులకును కొంగులకును ఈ కంబములే మాతృకలని ఆ ప్రాంతపు నేతవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. అదే ఆలయమున తలయెత్తి పైకప్పు చిత్రములను చూచినచో ఇంకొక విశేషము గోచరించును: అచటి స్త్రీల చీరలమీదను పురుషుల ఉత్తరీయములమీదను చారలు, గళ్ళు, చుక్కలు, పూలగుత్తులు ఎంతో శ్రద్ధతో చిత్రింపబడినవి. అనగా ఆనాటి మగ్గముమీది నేతను చిత్రకారుడు చూచి గోడకెక్కించెను. కాలాంతరమున ఆ గోడను చూచి నేతగాడు మరల మగ్గమున కెక్కించుకొనుచున్నాడు. కళలు ఒకదానికొకటి అప్పు పెట్టుకొనుట ఇట్లే జరుగుచుండును, ఎవరు ఎవరికి తొలుత ఇచ్చిరో లెక్క తేలదు.

రాతిలోని తీగెకు వంపు సహజము; ఉలి ఎటు తిరిగిన అటు తీగె తిరుగును. మగ్గముమీద వంపు అను వస్తువే లేదు. అచట ఉన్నవి నిలువుగా పడుగు పోగులు, అడ్డముగా పేక పోగులు మాత్రమే. పడుగు లేచుటయో, లేవకుండుటయో, ఈ రెండింటితోనే సమస్తమును చెప్పవలయును. అందుచేత నమూనా వ్రాయువాడు గళ్ళ కాగితము ముందుంచుకొని, ఒక గడికి ఒక పోగు చొప్పున లెక్కించుచు, రాతితీగెను మెట్లుగా విరుచును. నిలువుగా ఎగబాకు తీగె ప్రక్కకు ఒరగవలసిన చోట, మొదట నాలుగు గళ్ళు పైకి పోయి ఒక గడి ప్రక్కకు జరుపును. తరువాత మూడింటికొకటి, పిదప రెండింటికొకటి. మలుపు నడిమిలో ఒకటికొకటి. అటుపిమ్మట ఒక గడి పైకి రెండు ప్రక్కకు, మూడు ప్రక్కకు అని లెక్క తిరుగబడును. దూరమునుండి చూచువాని కంటికి ఈ మెట్లు కరగిపోయి తీగె వంపు తిరిగినట్లే తోచును. నూలు లావైనచో మెట్లు మొరటుగా కనబడును గనుక, సన్నపట్టులో అందముగా నున్న లత ముతకనూలులో అందగించదు. శిల్పి ఆకునకు ఐదు ఈనెలు చెక్కియుండవచ్చును. నేతలో నడిమి ఈనె యొక్కటియే మిగులును. వదలవలసినదేదో తెలిసినవానికే ఉంచవలసినది తెలియును. పూర్వము ఈ లెక్కనంతను జాల అను దారముల అల్లికలో కట్టియుంచి, మగ్గముపై మరియొక మనిషి ఆ దారములను లాగుచుండెడివాడు. 1804లో ఫ్రాన్సు దేశపు జకార్డు కనిపెట్టిన యంత్రము ఆ జ్ఞాపకమును రంధ్రములు పొడిచిన అట్టలకు అప్పగించెను. అట్టలో రంధ్రమున్నచోట పడుగు లేచును, లేనిచోట లేవదు.

ఈ గళ్ళలెక్క మార్కాపురపు ఇల్లాండ్రకు క్రొత్తది కాదు. సంక్రాంతి నెలలో వాకిట పదునైదు చుక్కలతో మొదలిడి ఒకటి వచ్చువరకు తగ్గించుచు చుక్కలు పెట్టి, ఏ చుక్కయు ఎడబాయకుండ మెలిక త్రిప్పి, ప్రారంభించిన చోటికే గీతను తెచ్చి కలుపు స్త్రీ, తాను ఎరుగకయే నమూనా వ్రాయువాని విద్యనంతయు నేర్చియున్నది. ఎదురుచుక్కల ముగ్గు చదరపు గళ్ళలో ఇముడును గనుక మగ్గమునకు నేరుగా ఎక్కును. సందుచుక్కల ముగ్గులో చుక్కలు ఏటవాలుగా పడును గనుక, దానికి సూదిపని అనుకూలము. మెలికముగ్గును అంచుగా మార్చుకొనుటలో ఒక్క చిక్కు కలదు: ముగ్గు నాలుగు వైపులకును సమముగా పెరుగును, అంచు ఒక్కవైపునకే సాగవలయును. అందుచే ముగ్గులో నాలుగవ వంతును మాత్రము తీసికొని, దానిని అద్దములో చూచినట్లు త్రిప్పి త్రిప్పి వరుసగా పేర్చవలయును. ఈ ప్రయత్నమునకు పలకను, బలపమును మించిన సాధనము వేరొకటి కానరాదు; తప్పిన గీతను అరచేతితో తుడిచి మరల వ్రాయవచ్చును. తెలుగు పిల్లలకు అక్షరములు దిద్దించిన ఊరు, తన స్త్రీలకు నమూనాలు దిద్దుకొను అలవాటునుగూడ చేయగలదని నా నమ్మకము.

ఆలయశిల్పమునకై లేపాక్షి దాకా పోనక్కరయు లేదు. మార్కాపురపు లక్ష్మీచెన్నకేశవాలయము విజయనగర శైలిలోనిదే. గిద్దలూరునకు సమీపమున సత్యవోలులో అంతకు ఎనిమిది శతాబ్దములు ముందటి చాళుక్యుల కాలపు గుడులున్నవి. అందు భీమలింగేశ్వరుని గుడి వెనుకభాగము, బౌద్ధచైత్యములవలె, గుండ్రముగా తిరిగియుండును. అట్టి గుడుల ముఖమున గుఱ్ఱపు లాడమువలె వంగిన గూడు ఒకటి కనబడును. ఆ గూటి ఆకృతిని చూచినపుడెల్ల, చీర కొంగున వరుసగా పేర్చుటకు ఇంతకంటె తగిన రూపము లేదనిపించును: క్రింద వెడల్పు, పైన కొస, లోపల ఖాళీ. దానిని నేయుట సులభము, గుర్తించుటయు సులభము. కనిగిరి వైపున భైరవకోనలో ఒకే కొండచరియను తొలిచిన ఎనిమిది గుహాలయములు, త్రిపురాంతకమున కొండపైని ఆలయము, ఇట్లు చూచుకొనుచు పోయిన సామగ్రి అపారము. ఇచట ఒక మాట చెప్పక తప్పదు. పూర్వపు నేతవారు గుడినుండి హంసను, గండభేరుండమును, శిఖరపు కొసలను, రుద్రాక్షను తీసికొని అంచులలో నేసిరి. దేవతామూర్తిని పాదముల దగ్గర జీరాడు అంచున నిలుపుటకు వారి మనసు ఒప్పలేదు. నేడు అచ్చువేసిన చీరలమీద ముఖములను, కన్నులను, కిరీటములను విచ్చలవిడిగా పరచుట చూచుచున్నాము. భక్తిమాట అటుంచినను, కుచ్చెళ్ళలో మడతపడి సగము కనబడు ముఖము సౌందర్యదృష్టికిని కష్టమే కలిగించును.

మూర్తులకు తగిన తావు శ్రీకాళహస్తి కలంకారీలో కలదు. గుళ్ళలో తెరలుగా, రథములపై అలంకారములుగా వ్రేలాడుటకు ఉద్దేశింపబడిన ఆ వస్త్రములపై రామాయణ భారత కథలు అరలు అరలుగా విప్పబడును. ఆ పని దాదాపు అడుగంటిన దశలో కమలాదేవి ఛటోపాధ్యాయ పూనికవలన 1957లో శిక్షణకేంద్రము నెలకొని, ఆ విద్య నిలిచినది; అచటి జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించినది. అచట పరికరము వెదురు కలము. చెక్కిన వెదురుపుల్ల మొనకు పైగా గుడ్డయో, ఉన్నియో చుట్టి దారముతో బిగింతురు. వ్రాయువాడు ఆ చుట్టును వ్రేళ్ళతో నొక్కుచు రంగును మొనకు దించును. నొక్కుడు హెచ్చిన గీత లావగును, తగ్గిన సన్నమగును. గుడ్డను ముందుగా కరక్కాయ రసమునందును గేదెపాలయందును నానవేసి ఎండబెట్టుదురు. పాలలోని వెన్న సిరాను ప్రక్కలకు వ్యాపింపనీయదు. ఇనుపతుక్కును బెల్లముతో నీటిలో పులియబెట్టిన ద్రవము కరక్కాయ గుడ్డపై సోకగానే, కరక్కాయలోని వగరును ఇనుమును కలసి నలుపగును. పటికతో గీచినచోట చిరువేరో మంజిష్ఠయో వేసి మరిగించిన ఎఱుపు పట్టును. కలమునకు గళ్ళ నిర్బంధము లేదు గనుక, లేపాక్షి పైకప్పులోని వంపు ఇచటికి వంపుగానే వచ్చినది. అయితే కడిగి, ఆరబెట్టి, మరల మరిగించు పని మాత్రము మగ్గపుపనికి తీసిపోదు.

ఒకే నెమలిని వేరువేరు చేతులకిచ్చి చూచినచో ఈ భేదము స్పష్టమగును. నల్లమల అంచు పల్లెలలో తెల్లవారుజామున చేలలోనికి దిగు నెమలిని అందరును చూచినవారే. కలంకారీవాడు దాని మెడను ఒక్క గీతతో విసరును, పింఛమున కన్నొక్కటొక్కటిగా నింపును. మగ్గమువాడు మెడను మెట్లుగా కట్టి, పింఛమును మూడు ఈకలకో ఐదు ఈకలకో తగ్గించి, జంటగా ఎదురెదురు నిలుపును. ఏలయన, తిరుగబడిన రూపమునకు క్రొత్త లెక్క అక్కరలేదు. నేయకముందే నూలుకు కట్లు కట్టి రంగులో ముంచు పోచంపల్లివానికి అంచులు చెదరి ఈకలవలె అగును. ఇతరులకు దోషమైన ఆ చెదరుటయే నెమలిపింఛమున గుణమై వెలయును. సూదిపట్టిన స్త్రీ పింఛమును వదలి, కన్నును మాత్రము తీసికొని, అందొక అద్దపుబిళ్ళ కుట్టును. నలుగురును చూచినది ఒకటే. నలుగురిలో ఎవరును తప్పు చూడలేదు.

రంగుల విషయమున మన నేతవారికి ప్రత్యేకముగా పాఠములు చెప్పవలసిన పనిలేదు. నెమలికంఠము, మావిచిగురు, వంకాయ, ఉల్లిపొర, చిలకపచ్చ, మిరపపండు, నేరేడుపండు, కనకాంబరము అని అంగడిలో అడిగిన, అమ్మువాడు మారుమాటాడక ఆ చీరనే తీసి చూపును. వీనిలో నెమలికంఠపు రహస్యము గమనింపదగినది. అది ఒక రంగు కాదు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. నీలిపడుగులో ఆకుపచ్చ పేకయో, అటునిటు మార్చియో నేసినపుడు, బట్ట కదలిన కొలదిని ఒకసారి ఇది, ఒకసారి అది పైకి వచ్చును. నిజమైన నెమలి మెడయందును వెలుతురు పడిన కోణమును బట్టియే రంగు మారును గనుక, నేతగాడు ఇచట ప్రకృతి రూపమునేగాక నడకనుగూడ పట్టుకొన్నాడు. ఈ ఉపాయమును మన సీమ పలకరాతికి అన్వయించి చూడవలయునని నాకు మిక్కిలి కోరిక. పొరలు పొరలుగా చీలు ఆ రాయి ఎండలో బూడిదవన్నెగా నుండును, తడిసిన నల్లబడును. కొన్నిచోట్ల పచ్చదనము, కొన్నిచోట్ల ఇనుపత్రుప్పు చారలు తేలును. నల్లని పడుగునకు బూడిదపచ్చ పేక వేసి, త్రుప్పురంగు సన్నని చార అక్కడక్కడ విడిచినచో, మార్కాపురపు గనుల దగ్గర గుట్టలుగా పడియున్న రాతిపలకలు కంటికి కట్టినట్లుండును. అట్లే కళ్ళములో ఆరబోసిన మిరపకాయలు దినదినమునకు ముదురుచు పోవు ఎఱుపును, కార్తీకమున నిండి వేసవిలో తగ్గిపోవు కంభము చెరువు నీటి అంచున బయల్పడు మన్ను వన్నెలను ఎవరైనను వరుసగా గమనించి నూలుకు అద్దించినచో, ఒక చీరకు చాలినన్ని రంగులు దొరకును. కృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ కట్టించినదని ప్రతీతిగల ఆ చెరువునకు 2020లో అంతర్జాతీయముగా వారసత్వ సాగునీటి కట్టడమని గుర్తింపు వచ్చినది. దాని కట్టను చూడవచ్చువారు నీటి రంగునుగూడ ఒకింతసేపు చూచిపోవుదురుగాక.

నేతకు ప్రకృతి నమూనాల నిచ్చుటయేగాక, తానే నేయుచున్నది. ఈ సీమలో బావుల మీదికి వంగిన తుమ్మకొమ్మలకును ఈతమట్టలకును గిజిగాని గూళ్ళు వ్రేలాడుచుండును. మగపక్షి గడ్డిపోచ అంచున ముక్కుతో గాటుపెట్టి, ఆ కొసను కరచుకొని ఎగిరినంతనే పొడవైన పీలిక చీలి వచ్చును. ఆ పీలికలతో తొలుత కొమ్మకు ముడివేసి, క్రిందుగా ఒక వలయము కట్టి, దానిలో తాను నిలిచి, ముక్కు ఎంతదూరము అందునో అంతదూరమునే చుట్టును అల్లుకొనిపోవును. అందుచే గూటి బొజ్జ ఆ పక్షి మెడపొడవునకు సరిపోలును. తరువాత క్రిందికి గొట్టమువంటి ద్వారము దిగును. అల్లినపుడు పచ్చగా నున్న గూడు కొలది దినములలో ఎండిన గడ్డివన్నె దాల్చును. ఒక్క చెట్టుననే పచ్చనివి, సగము పండినవి, పూర్తిగా ఎండినవి ప్రక్కప్రక్కన వ్రేలాడుట చూచిన నేతగానికి పేకలో మూడు వన్నెల నూలు ఎట్లు మార్చుకొనవలయునో ఎవ్వరును చెప్పనక్కరలేదు. మార్కాపురమునకు పొరుగుననే ఉన్న వినుకొండలో 1895లో జన్మించిన గుర్రం జాషువ ఈ గిజిగానిమీదను, సాలీటిమీదను ఖండికలు వ్రాసినాడు. ఈ నేలమీద తిరిగిన కవి కన్ను ఈ రెండు నేతప్రాణుల మీద పడుట యాదృచ్ఛికమని నేననుకొనను. సాలీటి ప్రసంగము ఇంకను పాతది. పదుమూడవ శతాబ్దాంతమున మోటుపల్లి రాజ్యమునుగూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో, అచటి సన్నని బట్టలను సాలెగూటి అల్లికతో పోల్చినాడు. ఆ మోటుపల్లి రేవు, నిన్నమొన్నటి వరకు ఒకటిగానుండిన ప్రకాశము జిల్లాకు తూర్పు కొసననే కలదు.

పరికరములనుగూడ ప్రకృతినుండి పొందిన నేర్పరులు మనలో కలరు. శ్రీకాకుళము వైపున పొందూరులో సన్ననూలు వడకువారు, వాలుగ చేప దవడయెముకను దువ్వెనగా చేసికొని, దాని సన్నని పండ్లతో పత్తిగింజచుట్టు నున్న పోగులను దువ్వుదురు. ఏ ఇనుపదువ్వెనయు అంత సుకుమారముగా ఆ పని చేయలేదని వారి అనుభవము. నల్లమలలోను కరక చెట్లు, మోదుగులు, చండ్రలు ఉన్నవి. కరక్కాయ వగరునుగూర్చి పైన చెప్పితిని. మోదుగుపూవు మరిగించిన పసుపువన్నె వచ్చును, చండ్రచేవనుండి తీసిన కాచు గోధుమవన్నె నిచ్చును. మోదుగుపూల పసుపు ఎండకు త్వరగా వెలియును గనుక పటికతో పట్టు కట్టించినను దానిని ప్రతిదినము కట్టు బట్టకు వాడరాదు. ఆకురాలిన అడవిలో, మాఘ ఫాల్గుణములందు, ఆకు ఒక్కటియు లేని మోదుగుకొమ్మపై నల్లని తొడిమెలనుండి ఆ నారింజ జ్వాల లేచుట చూచినవారు, రంగు తీయుటకంటె ఆ నలుపు నారింజల పొందికనే గ్రహించిన మేలు.

ప్రకృతిని పెరటిలోనే వెదకుకొన్న కళాకారుడు ఇంగ్లండునందు ఒకడుండెను. విలియం మోరిస్ అను నాతడు 1883లో రచించిన ఒక అద్దకపు నమూనాలో, స్ట్రాబెరీ పండ్లను దొంగిలించు చిన్న పిట్టలు జంటజంటలుగా ఎదురెదురు నిలిచియుండును. ఆ పిట్టలు ఆతని కెల్మ్‌స్కాట్ ఇంటి తోటలో ప్రతి వేసవియందును పండ్లకు దాడి వెడలినవే. నీలిమందులో గుడ్డనంతను ముంచి, పిమ్మట తెల్లగా నుండవలసిన చోట్ల ఆ నీలిని తొలగించి, ఆ తెల్లనిచోట్ల ఎఱుపును పసుపును అద్దు దీర్ఘమైన పద్ధతిలో ఆతడు దానిని తయారుచేసెను. నేను దీని నిచట చెప్పుట, మన వారు ఆ పిట్టలను తెచ్చి చీరలపై వేయవలయునని కాదు. జొన్న చేనిలో మంచెపై నిలిచి ఒడిసెల త్రిప్పుచు పిట్టలను తోలిన బాల్యము మార్కాపురపు పల్లెలలో ఎందరికో కలదు. కంకిమీద తలక్రిందుగా వ్రేలాడి గింజలు ఒలుచు చిలుకను వారు చూచినంత దగ్గరగా మోరిస్ తన పిట్టలను చూచియుండడు. ఆ చిలుక అట్లు తలక్రిందుగా ఏ అంచుననైనను నేయబడుట నేనింతవరకు చూడలేదు.

నిత్యజీవితము వస్త్రమున కెక్కిన కథలలో చీరాల తేలియా రుమాలు కథ నాకెంతయు ప్రియమైనది. నూలును నూనెలోను బూడిదనీటిలోను పలుమారు నానబెట్టి, పిసికి, ఎండబెట్టుటచే ఎఱుపు గాఢముగా పట్టుచుండెను. ఆ నూనెవాసన బట్టను వీడదు గనుకనే ఆ పేరు వచ్చినది. ఎఱుపు, నలుపు, తెలుపు అను మూడే వన్నెలతో చదరముగా నేసిన ఈ రుమాళ్ళు అరబ్బు దేశములకు తలపాగలకై ఓడలెక్కిపోయెడివి. ఇచట మత్స్యకారులును వీనిని ధరించెడివారు. తొలుత గళ్ళును చుక్కలునైన ఆ నమూనాలలోనికి కాలము గడచినకొలది ఏనుగులు, సింహములు, పిదప గడియారములు, ఆకాశమున ఎగురు విమానములు వచ్చి చేరినవి. విమానమును వస్త్రమున నేయవలయునని ఆ చీరాల నేతవానికి ఏ పాఠశాలయు చెప్పలేదు. తలయెత్తి చూచినాడు, వింతగా తోచినది, రెక్కలు రెండు, తోక ఒకటి అని లెక్కించి నూలుకు కట్లు కట్టినాడు. సంప్రదాయమనగా పాతదానిని మార్చకుండుటయని భ్రమించువారు ఈ రుమాలును ఒకసారి చేతబట్టి చూడవలయును. చీరాలనుండి ఆ విద్య తెలంగాణమునకు పోయి, నేడు పుట్టపాకలో జీవించియున్నది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. సిద్దిపేటవారు అట్లే తమ వీథిలో చల్లకుండ తలనిడుకొని పోవు గొల్లపడుచును చూచి, ఆమెను గొల్లభామ చీరలో శాశ్వతముగ నడిపించుచున్నారు.

పశ్చిమ ప్రకాశమున ఇట్టి సజీవసంప్రదాయము ఒకటి తండాలలో కలదు. ఎర్రగొండపాలెము, పుల్లలచెరువు ప్రాంతములందు నివసించు సుగాలీల వృద్ధస్త్రీలు ధరించు కాంచళి అను రవికపై, పేటియా అను లంగాపై అద్దములు, గవ్వలు, నాణెములు, రంగురంగుల గుడ్డముక్కలు, లెక్కతప్పని కుట్లు కలసి వెలుగొందును. ఎద్దులపై ఉప్పును ధాన్యమును వేసికొని దేశము నడుమ తిరిగిన ఆ జాతి, సముద్రతీరపు గవ్వను, బజారు నాణెమును, తానెక్కడికి పోయిన అచటి గుడ్డపీలికను తన దుస్తులమీదనే కుట్టుకొన్నది. వారి ప్రయాణములను చదువదలచినవారికి ఆ పేటియా చాలును. కర్ణాటకమున లంబాణీలని పిలువబడు ఇదే జాతివారి సండూరు కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు వచ్చి, స్త్రీలకు పని దొరకుచున్నది. ఇచటి తండాలలో ఆ కుట్లు ఎరిగిన చేతులు వృద్ధములగుచున్నవి, క్రొత్త చేతులు కూలిపనులకు పోవుచున్నవి. నగరములలో ఆ నమూనాలను యంత్రముతో అచ్చువేసి చౌకగా అమ్మువారు పెరిగిరి. అది ప్రేరణము కాదు, అపహరణము. ఏలయన నెమలిని చూచి నేసినచో నెమలికేమియు తరుగదు, ఒక పేదస్త్రీ కుట్టును చూచి యంత్రమునకెక్కించినచో ఆమె కూడు తరుగును. ఆ కుట్టు కావలసినవారు తండాకు పోయి, ఆమె చేతనే కుట్టించి, ఆమె చెప్పిన వెల ఇచ్చి తెచ్చుకొనవలయును.

మగ్గము లేదు, కలము లేదు, తండా విద్య తమది కాదని చేతులు ముడుచుకొన నక్కరలేని పని ఇంకొకటి ప్రతి ఇంటను కలదు. అది బొంత. పాత చీరలను నాలుగైదు పొరలుగా పరచి, అంచులు మడిచి, పొడవైన దారముతో వరుసకుట్లు వేసి ఒకటిగా చేయు ఈ పనిని మార్కాపురపు నాయనమ్మలు చలికాలమునకు ముందు చేయుచునే యుందురు. దీనిని చిన్నచూపు చూచుట అన్యాయము. పై పొర ఏ చీర కావలయును, ఏ వన్నె ప్రక్కన ఏ వన్నె నిలువవలయును, చిరిగినచోట వేసిన మాటు ఏ ఆకారమున నుండవలయును అను నిర్ణయములన్నియు ఆ స్త్రీవే. పలకరాతి పొరలవలె బూడిద, నలుపు, పచ్చ పీలికలను సన్నవి లావువి కలిపి అడ్డముగా పేర్చి, త్రుప్పురంగు దారముతో కుట్టిన బొంత ఎట్లుండునో ఊహించి చూడుడు. సత్యవోలు గూటి ఆకృతిని కాగితమున కత్తిరించుకొని, దానిని మాటుగా వేసిన బొంతయు అట్టిదే. పద్ధతిలో జాగ్రత్త యొకటి కలదు. కుట్టు నడిమినుండి ప్రారంభించి నాలుగు వైపులకును పోవలయును, అంచునుండి మొదలిడిన పొరలు జరిగి నడిమిలో ముడుతలు తేలును. దారము కుట్టుకుట్టునకు లాగి బిగించినచో గుడ్డ బిగుసుకొని మెత్తదనము పోవును, వదలినచో కాలివ్రేళ్ళు తగుల్కొనును. వరుసకు వరుసకు రెండు వ్రేళ్ళ వెడల్పున ఎడముంచి, బారెడు దారమునకు మించక తీసికొని కుట్టినచో చిక్కుపడదు. ముతకనూలు చీరలు లోపలను, ఉదుకుటచే మెత్తబడినవి పైనను వేయుట మంచిది. పట్టును నూలును ఒకే బొంతలో కలుపరాదు. ఉదికినపుడు ఆ రెండును ఒకే రీతిగా ముడుచుకొనవు.